కిరాయి కొరకు ఇల్లు కొనేముందు

కొడుకు పూణె వెళ్లి సంపాదించినదో, పదవీ విరమణలో చేతికి వచ్చినదో, చిట్టీ ఎత్తినదో కొంత సొమ్ము ఇంట్లో చేరగానే మన కుటుంబాలలో ఒక మాట వినబడుతుంది: "కొత్తకోటలో ఒక ఇల్లు కొని కిరాయికి ఇస్తే నెల నెలా కూర్చుని తినవచ్చు." ఆశ మంచిదే. అయితే అది చాలా ఇళ్లలో జీవితకాలపు కూడిక. ఒక్క సంతకముతో పోవచ్చును.

ఒక లెక్క చూద్దాము. అంకెలు కేవలము ఉదాహరణకే. రెండు పోర్షన్ల స్లాబు ఇల్లు 20 లక్షలు అనుకుందాము. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర, అనగా లక్షా 50 వేలు. బోరు మోటారు, సున్నము, తలుపులకు మరో 50 వేలు. మొత్తము 22 లక్షలు. ఒక్కొక్క పోర్షనుకు 4,500 చొప్పున నెలకు 9,000 కిరాయి. అమ్మేవాడు దానిని 12తో గుణించి లక్షా 8 వేలు అంటాడు. మనము 11తోనే గుణించాలి. ఎందుకంటే ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు నెల పోతుంది. 99 వేలలో ఇంటి పన్ను, నల్లా, మరమ్మతులు 15 వేలు తీస్తే మిగిలేది 84 వేలు. అంటే నూటికి నాలుగు రూపాయలు కూడా లేదు! బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసినవాడు ఏ మోటారూ బాగుచేయించకుండా అంతకన్న ఎక్కువ పొందుతాడు. నూటికి 7 రూపాయలు రావాలంటే మొత్తము ఖర్చు 12 లక్షలకు మించరాదు.

అప్పు తెచ్చి కొనేవారి సంగతి ఇంకా కష్టము. సగము సొమ్ము, 11 లక్షలు, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చితే నెలకు 22 వేలు మిత్తి. చేతికి మిగిలే కిరాయి 7 వేలు. మిగతా 15 వేలు ఎవరి కడుపు కట్టి తెస్తాము?

"జాగ ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరగవచ్చు. హైదరాబాదు–బెంగళూరు 44వ జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతున్నది. వనపర్తి 2016లో జిల్లా అయింది, 2022లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. అయితే ఆ విద్యార్థులు వనపర్తిలో దిగుతారా, కొత్తకోటలోనా? మధ్యవర్తిని కాదు, ఆ వీధిలో కిరాయికున్న ఇద్దరిని అడగండి. ఎంత కడుతున్నారు, ఎండాకాలము నీళ్లు వస్తాయా, ముందున్నవారు ఎందుకు వెళ్లారు? చిల్లర దుకాణమువారికి ఇవన్నీ తెలుసు.

కాగితాల విషయములో మాత్రము మొహమాటము పనికిరాదు. లింకు డాక్యుమెంట్లు, 30 ఏండ్ల ఈసీ, ఇంటి పన్ను రశీదు ఎవరి పేరున ఉన్నవో చూడాలి. సాదా బైనామా చూపించి "మనవాళ్లే" అంటే ఆగండి. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి అయితే 1977 చట్టము ప్రకారము ఆ అమ్మకము చెల్లదు. బయానా ఇచ్చిన తరువాత వకీలు దగ్గరకు పోయేవారే ఎక్కువ. ముందే పోతే ఆయన ఫీజు ఒక నెల కిరాయి కావచ్చు.

కొన్న తరువాత కులము అడిగి ఇల్లు ఇవ్వని యజమానులున్నారు. మనలో అనేకులము ఆ గుమ్మము నుండి వెనుదిరిగినవారమే. మనమూ అట్లు చేస్తే అవమానము సంగతి అటుంచి, ఖాళీ నెలల కిరాయి కూడా పోతుంది. ఒప్పందము ఎవరితోనైనా కాగితము మీద వ్రాయండి. చాలామంది 11 నెలలకు వ్రాసుకుంటారు. అడ్వాన్సు సొమ్ము తిరిగి ఇవ్వవలసినదని గుర్తుంచి, వేరుగా దాచండి.

ఇన్ని చూచిన తరువాత ధర కుదరకపోతే, సొంత ఇంటి వెనుక జాగలో రెండు గదులు వేసి కిరాయికి ఇచ్చే సంగతి కూడా లెక్క వేయండి. అక్కడ జాగ కొనవలసిన పని లేదు, రిజిస్ట్రేషనూ లేదు. మునిసిపాలిటీ అనుమతి మాత్రము తీసుకోవాలి.