5.4 బార్బరా లిన్: తన పాట, తన గిటారు

ఆఫ్రికన్ అమెరికన్ల శ్రమజీవితం నుంచి పుట్టిన బ్లూస్‌కు చర్చి గానంలోని ఆవేశం తోడై సోల్ సంగీతం రూపొందింది. ఇందులో గాయనులకు గొప్ప పేరు వచ్చింది. కాని పాటలు రాయడం, గిటారు వాయించడం ఎక్కువగా పురుషుల పనిగానే ఉండేది. ఈ ధోరణికి భిన్నంగా నిలిచిన కళాకారిణి బార్బరా లిన్.

ఈమె 1942లో టెక్సాస్ రాష్ట్రంలోని బోమాంట్‌లో జన్మించింది. మొదట పియానో నేర్చుకొని, తరవాత గిటారు చేపట్టింది. ఎడమచేతి వాటంతో వాయించేది. చిన్న వయసులోనే అందరూ స్త్రీలే ఉన్న బృందాన్ని ఏర్పాటు చేసింది.

ఇరవై ఏళ్ళ వయసులో, 1962లో, స్వయంగా రాసి పాడిన 'యూల్ లూజ్ ఎ గుడ్ థింగ్' ఆమెకు ఖ్యాతి తెచ్చింది. అందులోని స్త్రీ ప్రియుణ్ణి బతిమాలదు. తనను వదులుకొంటే నష్టం అతనిదేనని చెబుతుంది. ఈ పాట అమెరికాలో రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానం, పాప్ జాబితాలో 8వ స్థానం పొందింది. అంటే నల్లజాతి శ్రోతలనే కాక, ఇతరులనూ ఆకట్టుకొందన్న మాట. ఆమె పాడిన మరొక పాటను 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం తిరిగి పాడింది. 2018లో ఆమెకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ లభించింది.

మాట, గాత్రం, వాద్యం మూడూ ఒకే స్త్రీవి కావడం వల్ల, ఆమె పాటలోని ఆత్మగౌరవం వేరొకరు రాసి ఇచ్చింది కాదు. ఆమె ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. సోల్ సంగీతం ఎలా రూపొందింది?
2. సమకాలీన గాయనులలో బార్బరా లిన్ ప్రత్యేకత ఏమిటి?