ఈ ల్యాబ్‌కి సెలవుల్లేవు

ల్యాబ్ అనగానే మనకి గుర్తొచ్చేవి రికార్డులు, వైవా. ఇది ఆ ల్యాబ్ గురించి కాదు. చెప్పు నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ గుమ్మం దగ్గరికి ఎదురొచ్చే ల్యాబ్రడార్ రిట్రీవర్ గురించి. ఉద్యోగం రాగానే ఒకదాన్ని పెంచుకోవాలని మనలో చాలామందికి ఉంటుంది. కొందరు అంతవరకూ ఆగలేక రూమ్‌కే తెచ్చేస్తారు. తెచ్చే ముందు అది ఏ పని కోసం పుట్టిన కుక్కో తెలుసుకుంటే మంచిది.

పేరులో ల్యాబ్రడార్ ఉన్నా, దీని పూర్వీకులది కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడి జాలర్ల దగ్గర ఉండే సెయింట్ జాన్స్ కుక్కలు చన్నీళ్లలో దూకి వలలు లాగేవి, గాలం నుంచి జారిన చేపల్ని పట్టి తెచ్చేవి. 19వ శతాబ్దంలో అవి ఓడలెక్కి బ్రిటన్ చేరాయి. అక్కడి ప్రభు కుటుంబాలు వేటలో పడిన పక్షుల్ని తెచ్చివ్వడానికి వాటిని పెంచాయి. 1903లో ఇంగ్లండ్ కెనెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. రిట్రీవర్ అంటేనే తెచ్చిచ్చేది. కాబట్టి మీ చెప్పు, సాక్సు, ఛార్జర్ దాని నోట్లో కనిపిస్తే అది దొంగతనం కాదు, వంశపారంపర్య వృత్తి!

ఒళ్లు కూడా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది. కాలివేళ్ల మధ్య చర్మం, ఈతలో చుక్కానిలా పనిచేసే లావుపాటి తోక, నీళ్లు చర్మాన్ని తాకనివ్వని రెండు పొరల బొచ్చు. ఆ బొచ్చుతోనే మన రెంటచింతల, రామగుండం ఎండల్లో బతకాలంటే కష్టం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దించుకోవాలి. అందుకని వేసవిలో వాకింగ్ తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాకే. రోడ్డు మీద మీ చెయ్యి కాసేపు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. ఎండ కదా అని బొచ్చు గొరిగించొద్దు. ఒక టబ్బు నిండా నీళ్లు పెట్టండి, పండగ చేసుకుంటుంది. చెరువులో ఈతకి తీసుకెళ్తే తర్వాత చెవులు పొడిగా తుడవాలి. వేలాడే చెవుల్లో తడి నిలిస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది.

స్వభావం మెతకే. కొత్తవాళ్లతో కూడా తొందరగా కలిసిపోతుంది, కాబట్టి కాపలాకి దీన్ని నమ్ముకోవద్దు. కానీ మెతక అంటే కదలకుండా పడుంటుందని కాదు. ఎదిగిన ల్యాబ్‌కి రోజూ గంటకి తక్కువ కాకుండా నడక, పరుగు, బంతాట కావాలి. బాల్కనీలో కట్టేసి కాలేజీకి వెళ్లిపోతే సాయంత్రానికి పరుపులో దూది బయటికొస్తుంది. తప్పు దానిది కాదు.

అసలు సమస్య తిండి దగ్గర. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపం కనుక్కున్నారు. ల్యాబ్‌లలో సుమారు నాలుగింట ఒకదానికి అది ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, 'కడుపు నిండింది' అనే సిగ్నల్ మెదడుకి సరిగా అందదు. లూప్ ఆగదు! ఇక మన ఇళ్లల్లో ప్రేమంటే ఇంకో ముద్ద పెట్టడమే కదా. అది జాలిగా చూస్తుంది, మనం పెరుగన్నం కలుపుతాం. బరువు పెరిగి తుంటి కీళ్లు అరుగుతాయి.

అమెరికాలో 48 ల్యాబ్‌లని పిల్లలప్పటినుంచి జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. జతల్లో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కాబట్టి కొలిచి పెట్టండి. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా చేతికి తగలాలి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ, ఉడికించిన కోడి ఎముకలు అసలు పెట్టొద్దు.

చివరిగా ఒక లెక్క. మన బీటెక్ నాలుగేళ్లు. ల్యాబ్ ఆయుష్షు పది, పన్నెండేళ్లు. ప్లేస్‌మెంట్ వచ్చి బెంగళూరు బస్సెక్కేరోజున దాన్ని ఎవరికి అప్పజెప్తారు? ఆ ప్రశ్నకి సమాధానం దొరికాకే కుక్కపిల్లని ఎత్తుకోండి. ఈలోపు సెలవుల్లో తెలిసినవాళ్ల ల్యాబ్‌ని వాకింగ్‌కి తీసుకెళ్లండి. అదీ సంతోషిస్తుంది, మీకూ ప్రాక్టికల్స్ అయిపోతాయి.