పండుగ సెలవులలో దేహారోగ్యము, మనశ్శాంతి

క్రిస్మస్సు మొదలు కనుమ వఱకు గల మూడు వారములు మన తెలుగునాట పండుగల కాలము. డిసెంబరు 25వ తేదీన క్రిస్మస్సు, పిమ్మట నూతన సంవత్సరము, జనవరి నడుమ భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా వచ్చును. ధాన్యము ఇంటికి చేరును. దూరమున నున్న బంధువులు స్వగ్రామములకు వత్తురు. పాఠశాలలకు సెలవు లిత్తురు. అయినను సెలవుల పిమ్మట మా తరగతులకు తిరిగివచ్చు బాలబాలికలలో కొందఱు నిద్రచాలని కన్నులతోను, కొందఱు కడుపునొప్పితోను, కొందఱు ఎవరికిని చెప్పుకొనలేని దిగులుతోను వచ్చుట చూచుచున్నాము. విశ్రాంతికై యిచ్చిన సెలవు బడలికను ఏల తెచ్చుచున్నది? సెలవు పాఠశాలకే గాని దేహధర్మమునకు గాదు. ఈ సంగతిని విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విశదపఱచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నిద్ర:— మన మెదడులో గడియారము వంటి ఏర్పాటొకటి కలదు. ఉదయపు వెలుతురు కంటికి సోకినపుడు అది సరిదిద్దుకొనును. చీకటి పడిన పిదప మెలటోనిన్ అను పదార్థమును రక్తములోనికి విడువజేసి దేహమును నిద్రకు సిద్ధపఱచును. రాత్రి రెండు గంటల వఱకు సెల్‌ఫోను చూచుచు మేలుకొని, ప్రొద్దెక్కిన తరువాత లేచువారికి ఈ గడియారము వెనుకబడును. అట్టివారికి బడి తెఱచిన నాటి ఉదయము, గంట మ్రోగుచున్నను, దేహమునకు మాత్రము ఇంకను రాత్రియే. వెనుకబడిన ఒక్కొక్క గంటను సరిదిద్దుటకు సుమారు ఒక్కొక్క దినము పట్టును. 6 మొదలు 12 సంవత్సరముల పిల్లలకు 9 నుండి 12 గంటలును, 13 మొదలు 18 సంవత్సరముల వారికి 8 నుండి 10 గంటలును నిద్ర కావలెను. పండుగ నిమిత్తము ఒకటి రెండు రాత్రులు మేలుకొన్నను పెద్ద హాని లేదు. మఱునాడు ఎప్పటి వేళకే లేచి, మధ్యాహ్నము అరగంట కునుకు తీసిన చాలును. తెల్లవారుచుండగా వాకిట ముగ్గు తీర్చు బాలికకు ఉదయపు వెలుతురు అడుగకయే లభించుచున్నది. కళ్లాపికి నీళ్లు తెచ్చియిచ్చిన యెడల ఆ మేలు ఆమె అన్నదమ్ములకును లభించును!

ఆహారము:— అరిసెలు, జంతికలు, తెలంగాణమున సకినాలు లేని పండుగ పండుగ గాదు. వానిని మానుడని మేము చెప్పము. అయితే వేళతో పనిలేక దినమంతయు డబ్బాలో చేయి పెట్టుచుండుట వేఱు, భోజనానంతరము ఒకటి రెండు తినుట వేఱు. మొదటి దానివలన ఆకలి చచ్చి, కూరలు, పప్పు, పండ్లు మూలబడును. వంటవారు గమనింపవలసినది మఱియొకటి కలదు. వండిన అన్నము, పులిహోర మొదలగునవి గంటలకొలది బయట నుంచినచో వానిలో ఒక విధమైన సూక్ష్మజీవులు పెరిగి విషమును పుట్టించును. తిరిగి వేడిచేసినను ఆ విషము పోదు. విరేచనములు పట్టుకొన్న వారికి, ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెరను, అర చిన్న చెంచా ఉప్పును చెంచా అంచుకు సమముగా కొలిచి, కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. తగ్గనిచో జాగు చేయక వైద్యుని చూడవలెను.

ఆటలు, అపాయములు:— దినమునకు ఒక గంటయైనను ఒడలు చెమర్చునట్లు ఆడుట పిల్లలకు అవసరము. గాలిపటములకు నూలుదారమే మేలు. మెడలు తెగగొట్టు నైలాను మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతట నిషేధించెను. పిట్టగోడ లేని మేడపై ఎగురవేయరాదు. విద్యుత్తు తీగలపై చిక్కిన పటమును ఆశింపరాదు. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్కు వేసినచో విషపు పొగ పుట్టును. ఉబ్బసము గలవారు ఏ పొగకైనను దూరముగ నుండవలెను. బట్టలకు నిప్పంటుకొన్నచో పరుగెత్తక నేలపై పొర్లవలెను. కాలిన చోట సిరాయో, నెయ్యియో పూయక, ధారగా పడు చల్లని నీటి క్రింద 20 నిమిషము లుంచి, గాయము పెద్దదైనచో 108కి కబురు చేయవలెను.

మనస్సు:— దేహమునకు తగిలిన దెబ్బ కంటికి కనబడును. మనస్సునకు తగిలినది కనబడదు. పండుగనాడు అది మఱింత మఱుగుపడును, ఏలయన అందఱును నవ్వుచుండగా తానొక్కడు దిగులుగా నున్నానని చెప్పుకొనుటకు పిల్లవాడు సిగ్గుపడును. చుట్టములలో పదిమంది యెదుట మార్కు లడిగి, పినతండ్రి కుమారునితో పోల్చుట మనకు వాడుకయై పోయినది. అడుగువారు దానిని మఱునాటికి మఱతురు. విన్న పిల్లవాడు సంవత్సరము మోయును. తల్లినో తండ్రినో కోల్పోయిన యింట మొదటి పండుగ మిక్కిలి బరువైనది. అట్టి యింట ఏడువవద్దని చెప్పుటకంటె, పోయినవారిని పేరు పెట్టి తలచుకొని, పిల్లవానిని మాటలాడనిచ్చుట మేలు.

అప్పు చేసి పప్పుకూడు తినుట పండుగ గాదు. తండ్రి అప్పునకై చింతించుచు కొన్న క్రొత్త బట్టల బరువు పిల్లలకు తెలియును. కోడిపందెములలో పోయిన ధనముతో కొన్ని యిండ్లలో ఆ సంవత్సరపు జీతములు, పుస్తకములు కూడ పోవుచున్నవి. కోళ్లను పోరాడించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారమును, వానిపై పందెము కాయుట ఆంధ్రప్రదేశమున 1974 నాటి జూద నిరోధక చట్టము ప్రకారమును నేరములు. చట్టమటుండగా, పందెము నుండి రిక్తహస్తములతో వచ్చిన తండ్రి ముఖమును చూచిన పిల్లలకు ఆ రాత్రి నిద్ర రాదు.

మఱియొక మాట. పండుగ దినములలో సెలవు లేనిది తల్లికే. పిండి దంచుట మొదలు అంట్లు తోముట వఱకు అన్నియు ఆమెవే. కుమారులు కూడ పాత్రలు కడిగి, నీళ్లు మోసి, ఆమెను ఒక పూట కూర్చుండబెట్టిన యెడల ఇంటిల్లిపాదికిని మనశ్శాంతి కలుగును.

పిల్లవాడుగాని పెద్దవారుగాని రెండు వారములు విడువక దిగులుగా నుండి, తిండియు నిద్రయు ఆటయు మానినచో, అది సోమరితనమని మందలింపక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. బ్రతుకుటయే వ్యర్థమని ఎవరైనను పలికినచో ఆ మాటను తేలికగా తీసికొనరాదు. వారి నొంటరిగా విడువరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వమువారు స్థాపించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్లు రుసుము లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును.

విద్యార్థులారా! సెలవులలో మీరు పాఠములు కొన్ని మఱచినను మేము మరల చెప్పగలము. పోగొట్టుకొన్న ఆరోగ్యమును మేము తెచ్చియియ్యలేము. వేళకు నిద్రించుడు, మితముగా తినుడు, కడుపార నవ్వుడు. నవ్వనివారు మీ యింట ఉన్నచో వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. బడి తెఱచిన నాడు మీ అందఱి ముఖములును వికసించి యుండుట మేము చూడగోరుచున్నాము.