కొసరి కొసరి వడ్డించే ఇంట్లో డైట్

పెళ్లయిన ఇరవై మూడో రోజు రాత్రి పదకొండున్నరకి అక్క ఫోన్ చేసింది. హాస్టల్లో అందరూ ఇంటర్నల్స్‌కి చదువుతున్నారు. నేను కారిడార్‌లోకి వెళ్లి ఎత్తాను. "మూడు కిలోలు పెరిగానే. ఎనిమిది నెలల కష్టం మూడు వారాల్లో పోయింది" అని ఒకటే ఏడుపు. వెనకాల కుళాయి నీళ్ల చప్పుడు. అత్తగారింట్లో ఎవరికీ వినపడకుండా బాత్రూంలో కుళాయి తిప్పి మాట్లాడుతోందని కాసేపటికి అర్థమైంది.

ఆ రాత్రి నేను చెప్పినవి కొన్ని కరెక్ట్, కొన్ని తప్పు. తర్వాత కూర్చుని చదివి, లెక్కలేసి, అక్కతో మాట్లాడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామందికి పెళ్లి ఇంకా దూరమే. కానీ సెలవులకి ఇంటికెళ్లి నాలుగు కిలోలతో తిరిగొచ్చే వాళ్లందరికీ ఇది పనికొస్తుంది. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి, పదో తరగతి దాకా నాకు తెలుగు సెకండ్ లాంగ్వేజే.

అసలు డైట్ ఎందుకు

అక్కకి 25 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయినేడాది ఆఫీసులో హెల్త్ చెకప్ చేస్తే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇది గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎంత ఉందో చెప్పే టెస్ట్. 5.7 కంటే తక్కువుంటే నార్మల్. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్. 6.5, ఆపైన అయితే డయాబెటిస్. మా అమ్మమ్మకి షుగర్, అమ్మకి షుగర్. అక్క గేటు దగ్గరే నిలబడి ఉందన్నమాట.

మంచి విషయం ఏంటంటే, ఆ గేటు దగ్గర్నుంచి వెనక్కి రావచ్చు. అమెరికాలో ఇలాంటి వాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి వ్యాయామం చేయడం, ఈ రెండూ లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వాళ్లలో 31 శాతమే తగ్గింది. మన దేశంలో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో తిండి, నడక మార్చుకున్న వాళ్లలో తగ్గుదల 28.5 శాతం. అమెరికా అంత కాకపోయినా తక్కువేం కాదు.

అక్క బరువు 71 కిలోలు. ఏడు శాతమంటే ఐదు కిలోలు. ఎనిమిది నెలల్లో 64కి వచ్చింది. ఈలోపు సంబంధం కుదిరింది. చూసిన వాళ్లంతా "పెళ్లికి సన్నబడుతోంది" అనుకున్నారు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట సరిదిద్దలేదు. "అది జబ్బు కాదుగా, ఇప్పుడు వాళ్లకి చెప్పడం ఎందుకు" అంది అమ్మ. నిజమే, జబ్బు కాదు. కానీ ఆ దాపరికం వల్లే తర్వాత అంతా కష్టమైంది.

నా ఎక్సెల్ షీట్ ఎలా ఫెయిలైంది

పెళ్లికి ముందు అక్కకి ఒక షీట్ చేసిచ్చాను, గొప్పగా. లెక్క ఇదీ. ఆడవాళ్లకి బరువుని 10తోనూ, ఎత్తుని 6.25తోనూ గుణించి కలపాలి. అందులోంచి వయసుని 5తో గుణించి తీసేయాలి, ఇంకో 161 తీసేయాలి. 64 కిలోలు, 158 సెంటీమీటర్లు, 25 ఏళ్లకి సుమారు 1,340 వస్తుంది. ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరం ఖర్చు పెట్టే క్యాలరీలివి. కొంచెం నడిచే మనిషి కాబట్టి 1.375తో గుణిస్తే దాదాపు 1,850. ఇంత తింటే బరువు అలాగే ఉంటుంది. 1,400 తింటే వారానికి 400 గ్రాములు తగ్గుతుంది.

షీట్ కరెక్టే. షీట్ తీసుకెళ్లిన చోటే వేరు. అత్తగారి ఊరు రాజమండ్రి దగ్గర. మొదటి వారమంతా అక్కడే. తర్వాత అన్నవరంలో వ్రతం, తిరుమల, మున్నార్, తిరిగొచ్చాక బంధువుల ఇళ్లకి భోజనాల పిలుపులు. కొత్త కోడలు వంటింట్లో అన్నం తూకం వేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ ఇంట్లో ఆమె ప్లేటు ఆమె చేతిలో లేదు. వడ్డించేది వేరే వాళ్లు. "ఇంకొంచెం" అనేది అక్కడ మర్యాద, "వద్దు" అనేది అలక.

పైగా ఎక్కువ క్యాలరీలు ఎక్కడుంటాయో కంటికి కనపడదు. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు. నెయ్యి ఒక టీస్పూనుకి 45. మా అక్క అత్తగారు నెయ్యి స్పూనుతో వేయరు, గిన్నెతో ఒంపుతారు. పప్పన్నంలో ఒకసారి, కందిపొడిలో ఒకసారి. మూడు స్పూన్లు పడినా, ఇంకో వంద గ్రాముల అన్నం తిన్నట్టే. మనం మాత్రం "అన్నం తగ్గించాను కదా" అనుకుంటాం.

ఆ మూడు కిలోలు ఏంటి

అక్క పెళ్లికి ముందు 64. ఫోన్ చేసిన రోజు 67.1. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి. 3.1 కిలోలూ కొవ్వే అయితే, 23 రోజులూ రోజుకి వెయ్యి చొప్పున ఎక్కువ తినుండాలి, అంటే రోజుకి 2,850. గుర్తున్నంత వరకు ఇద్దరం లెక్కేశాం. విందు రోజుల్లో అంత తిన్నది నిజమే. అలిపిరి మెట్లెక్కిన రోజు, మున్నార్‌లో తిరిగిన రోజులు కాదు. సగటున రోజుకి 400 ఎక్కువ అనుకున్నాం. అంటే కొవ్వు కిలో, కిలోంబావు.

మరి మిగతాది? ఎక్కువ భాగం నీళ్లు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచిపెట్టబడుతుంది. మొత్తం అర కిలో దాకా పడుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. డైట్‌లో ఉన్నప్పుడు ఈ ట్యాంకు సగం ఖాళీగా ఉంటుంది. నాలుగు రోజులు పులిహోర, బొబ్బట్లు తింటే నిండిపోతుంది. దాంతోనే కిలో పెరగొచ్చు. దానికి ఆవకాయ, హోటల్ కూరల్లో ఉప్పు కలిస్తే ఇంకొన్ని నీళ్లు. నెలసరి ముందు శరీరం పట్టి ఉంచే నీళ్లు వేరే. ప్రయాణంలో కడుపు సరిగ్గా ఖాళీ అవకపోవడం కూడా ముల్లు మీద కనపడుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది నాయిస్. ఒక్క రోజు రీడింగ్ చూసి ఏడవడమంటే, ఒక్క టెస్ట్ కేస్ ఫెయిలైందని ప్రాజెక్ట్ మొత్తం డిలీట్ చేయడమే. రోజూ పొద్దున్నే చూసుకుని ఏడు రోజుల సగటు తీస్తే సిగ్నల్ తెలుస్తుంది. తర్వాతి వారం అక్క సగటు 65.3 వచ్చింది. అంటే నిజంగా పెరిగింది కిలోంబావే. అది కూడా పెరగడమే, కాదనను. కానీ మూడు కిలోలు కాదు.

నేను చెప్పాల్సి ఉండి చెప్పనిది

ఆ రాత్రి "రేపట్నుంచి టైట్‌గా ఉండు" అన్నాను. అదే నా తప్పు. మర్నాడు అక్క తలనొప్పని చెప్పి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం మానేసింది. సాయంత్రం వంటింట్లో ఎవరూ లేనప్పుడు నిలబడి ఐదు బొబ్బట్లు తినేసింది. తిన్నాక మళ్లీ ఫోన్, మళ్లీ కుళాయి. ఆకలిని అప్పుగా పెట్టుకుంటే సాయంత్రానికి వడ్డీతో తీర్చాలి. షుగర్ గేటు దగ్గరున్న మనిషికి అది మరీ చెడ్డది.

అప్పుడు షీట్‌లో ఒక్క సెల్ మార్చాం. ప్రయాణాలు, పిలుపులు ఉన్నన్నాళ్లూ టార్గెట్ 1,400 కాదు, 1,850. తగ్గొద్దు, పెరగకుండా ఉంటే చాలు. తగ్గడం ఇల్లు కుదురుకున్నాక. ఈ ఒక్క మార్పుతో సగం భారం దిగింది. మిగతా సగానికి పనికొచ్చినవి ఇవి.

"వద్దు" అనకుండా, కావాల్సింది ముందే అడగడం. "అత్తయ్యా, ఆ కూర ఇంకొంచెం వేయండి" అంటే ఏ అత్తగారూ అలగరు. ముందు కూర, పప్పు తిని అన్నం తర్వాత తింటే షుగర్ ఒక్కసారిగా పెరగదు, అన్నానికి కడుపులో చోటూ తగ్గుతుంది. విస్తట్లో కొంచెం మిగిలుండగానే మజ్జిగ అడగడం. విస్తరి ఖాళీ అయితే మళ్లీ నిండుతుంది, ఇది న్యూటన్ రాయడం మర్చిపోయిన సూత్రం.

ప్రసాదాన్ని లెక్కలోకి తేవద్దు, పంచుకోవాలి. అన్నవరం ప్రసాదం గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి. ఆకు పొట్లం విప్పితే ఆగడం కష్టం. ఇద్దరూ ఒకే పొట్లం తింటే సరి.

రైల్లోకి ఉడికించిన శనగలు, గుడ్లు, జామకాయలు. పల్లీలు మంచివే కానీ పిడికెడే, 30 గ్రాములకే 170 క్యాలరీలు. హోటల్లో పూరీ కంటే ఇడ్లీ. కేరళ వైపు వెళ్తే పుట్టు, కడల కూర అడగండి, కడల అంటే నల్ల శనగలే. అరటికాయ చిప్స్ మాత్రం నూనెలో వేయించినవి, ప్యాకెట్ ఒళ్లో పెట్టుకోవద్దు.

తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక. షుగర్ తగ్గడానికి ఇది బాగా పనిచేస్తుంది. కొత్త దంపతులు అన్నం తిని అలా నడిచొస్తామంటే ఎవరూ అడ్డుచెప్పరు కూడా. ఊరంతా "ఎక్కడికమ్మా" అని అడుగుతుంది, అంతే.

నెయ్యి గిన్నె

ఇవన్నీ చేసినా ఒకటి మిగిలింది. ఆ ఇంట్లో అందరి దృష్టిలో అక్కది ఫ్యాషన్ డైట్. "పెళ్లయింది కదా, ఇంకెవరి కోసం సన్నబడాలి" అని నవ్వేవాళ్లు. బొబ్బట్ల సంగతి జరిగిన రెండ్రోజులకి అక్క బావకి రిపోర్ట్ చూపించింది. బావ కోప్పడలేదు. "ముందే చెప్తే పెళ్లి మానేసేవాణ్ణనుకున్నారా?" అని మాత్రం అన్నాడట. రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ ప్రశ్నకి మా అమ్మ దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. నా దగ్గరా లేదు, నేనూ చెప్పలేదు కాబట్టి.

అత్తగారికి అక్కే చెప్పింది. ఆవిడ కాసేపు ఊరుకుని, "మరి ఇన్నాళ్లూ నేను నెయ్యి పోస్తుంటే ఎందుకు తిన్నావు?" అని అడిగారట. మర్నాడు భోజనాల దగ్గర అందరికీ ఎప్పటిలాగే ఒంపారు. అక్క దగ్గరికొచ్చేసరికి గిన్నె పక్కన పెట్టి, అందులో ఒక చిన్న చెంచా వేసి, "నువ్వే వేసుకోమ్మా" అన్నారు.

అన్నీ సర్దుకున్నాయని అనను. వాళ్ల పిన్నత్తగారు "కోడలు చిక్కిపోతే మాకే చెడ్డపేరు" అంటూనే ఉన్నారు. మొన్న పుట్టింటికొస్తే మా అమ్మ కూడా "చిక్కిపోయావేంటే, అక్కడ సరిగ్గా పెట్టట్లేదా" అంది, అన్నీ తెలిసి కూడా. మన ఇళ్లల్లో ప్రేమని కిలోల్లోనే కొలుస్తారు. దాన్ని ఒక ఎక్సెల్ షీట్ మార్చలేదు.

ఈ వారం అక్క సగటు 64.6. వచ్చే నెల మళ్లీ హెచ్‌బీఏ1సీ టెస్ట్. ఎంత వస్తుందో తెలీదు. ఈసారి బావ కూడా వెళ్తున్నాడు. నేను డాక్టర్ని కాదు, కంప్యూటర్ సైన్స్ సెకండియర్. కాబట్టి మందులు, టెస్టుల విషయం డాక్టర్నే అడగండి. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే మాత్రం మీరూ ఒకసారి టెస్ట్ చేయించుకోండి. రిపోర్ట్ ఏదైనా వస్తే, మీకు రోజూ అన్నం వడ్డించే మనిషికి ముందు చెప్పండి. నా షీట్‌లో అన్నిటికంటే ముందు ఉండాల్సిన వరుస అదే.