పొలం కాడికి కుక్కపిల్ల: ముధోల్ తేవాలా, రాజపాళ్యం తేవాలా?

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊర్లలో రైతులు వరి, మక్క గురించే కాదు, ఈ మధ్య కుక్కపిల్లల గురించి కూడా అడుగుతున్నారు. బోరు కాడ కేబుల్ పోతున్నది, మక్కలో అడవి పందులు పడుతున్నాయి, కొట్టంలో బర్రెలకు కాపలా కావాలి. "సార్, ముధోల్ తేవాలా, రాజపాళ్యం తేవాలా?" అన్నది ఎక్కువగా వినే ప్రశ్న. రెండూ మన దేశపు మంచి జాతులే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రెండింటినీ నమోదు చేసింది. కానీ రెండూ చేసే పని ఒకటి కాదు. కాబట్టి ముందు మీకు ఏ పని కావాలో తేల్చుకోండి, ఆ తర్వాతే జాతి సంగతి చూడండి.

ముధోల్: పరుగెత్తే కుక్క

ముధోల్ అనగానే చాలామంది మన నిర్మల్ జిల్లా ముధోల్ అనుకుంటారు. అది కాదు. ఇది కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి ఘోర్పడే రాజులు పెంచి పోషించిన వేట జాతి. సన్నటి నడుము, పొడవాటి కాళ్లు, కోసుగా ఉండే ముఖం దీని గుర్తులు. వాసన కంటే చూపు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. దూరాన ఏదైనా కదిలితే చాలు, ఉరుకుతుంది.

ఇందులోనే మేలూ ఉంది, కీడూ ఉంది. విశాలమైన చేను మీద కన్నేసి ఉంచుతుంది. కానీ కుందేలు, పక్కింటి కోడి, పక్క రైతు మేకపిల్ల ఏది ఉరికినా వెంటపడే గుణం దానికి పుట్టుకతోనే వచ్చింది. చిన్నప్పటి నుంచే కోళ్లు, మేకల మధ్య తాడు కట్టి తిప్పి అలవాటు చేయాలి. రోజూ పరుగు లేకుండా గొలుసుకు కట్టేస్తే చిరాకు పడి పాడవుతుంది.

రాజపాళ్యం: ఇల్లు కాచే కుక్క

ఇది తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళ్యం పట్టణపు జాతి. అక్కడ స్థిరపడిన రాజులు తెలుగు మాట్లాడేవారే. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు దీని గుర్తులు. ముధోల్ కంటే ఎముక బలం, ఒళ్లు ఎక్కువ. యజమానిని, ఆ ఇంటివారిని నమ్ముకుని ఉంటుంది. కొత్తవారిని దగ్గరికి రానీయదు.

చుట్టూ ప్రహరీ గానీ, గట్టి కంచె గానీ ఉండి, రాత్రిపూట పొలం కాడే ఉండే కుటుంబానికి ఇది నప్పుతుంది. నాట్లకు, కోతలకు కూలీలు వచ్చిపోయే చోట, పాలవాళ్లు తిరిగే చోట విడిచిపెడితే కరిచే ప్రమాదం ఉంది. తెల్లటి చర్మం కనుక మన ఎండాకాలంలో నీడ, నీళ్లు తప్పనిసరి. ఈ జాతిలో కొన్ని పిల్లలు పుట్టు చెవుడుతో పుడతాయి. కొనేటప్పుడు పిల్లకు కనిపించకుండా వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. తల తిప్పని పిల్లను తీసుకోవద్దు.

ఎవరికి ఏది?

• కంచె ఉన్న పొలం ఇల్లు, కొట్టం, రాత్రి కాపలా: రాజపాళ్యం.
• విశాలమైన చేను, రోజూ పరుగెత్తించే ఓపిక, చుట్టుపక్కల మేకలు, కోళ్లు తక్కువ: ముధోల్.
• ఊరి నడుమ ఇల్లు, చిన్న కమతం, కూలీల రాకపోకలు: ఈ రెండూ వద్దు. ఆరోగ్యంగా ఉన్న నాటు కుక్కపిల్లను తెచ్చుకోండి. మన ఎండకు, మన తిండికి అలవాటు పడ్డది. రాత్రి మొరిగి లేపడమే మీకు కావాల్సిన పని అయితే అది బాగానే చేస్తుంది.

అడవి పందులను ఏ జాతి కుక్కా ఆపలేదు. మొరిగి మిమ్మల్ని లేపుతుంది, అంతే. మీద పడితే పంది కోరలకు కుక్కే చస్తుంది. కుక్కలతో అడవి జంతువులను తరిమించడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే అవుతుంది. పందుల కోసం గుళికల మందు పెట్టినా, కంచెకు కరెంటు ఇచ్చినా ముందు చచ్చేది మీ కుక్క, ఆ తర్వాత మనిషి కూడా కావచ్చు. అడవి అంచున ఉన్నవారు రాత్రిపూట కుక్కను బయట కట్టేయవద్దు. చిరుతకు అది సులువుగా దొరికే ఎర.

కొనేటప్పుడు

ఫోన్‌లో ఫోటో చూసి ముందుగా డబ్బు పంపవద్దు. వెళ్లి తల్లిని చూడండి, వీలైతే తండ్రినీ చూడండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి విడదీయవద్దు. కళ్లు, ముక్కు కారకూడదు, పొట్ట ఉబ్బి ఉండకూడదు. ముధోల్ కావాలంటే ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన కేంద్రం ఉంది. ముందుగా అడిగి వెళ్లడం మంచిది.

జాతి కంటే ముఖ్యం టీకా

నేను వ్యవసాయం చదివినవాడిని, పశువైద్యుడిని కాను. కానీ ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కింద మా ఇంటికి ఒక మంచి పిల్లను తెచ్చాను. పనుల్లో పడి "వచ్చే వారం టీకా వేయిద్దాం" అన్నాను. రక్త విరేచనాలు మొదలై మూడు రోజుల్లో పోయింది. అది పార్వో జబ్బు అని డాక్టరు గారు చెప్పారు. పిల్లలు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తప్పు కుక్కది కాదు, నాది.

• ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ మొదటి టీకా. తర్వాత మూడు, నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా.
• మూడు నెలల వయసులో రేబిస్ టీకా. తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా.
• మూడు నెలల వయసు దాకా రెండు వారాలకొకసారి నట్టల మందు.
• వానాకాలంలో చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు చూసి తీయించాలి.

కుక్క కరిస్తే, గీరితే పుండును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. కారం, పసుపు, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం.

పిల్లను ఇంటికి తెచ్చే ముందే మీ మండల పశువైద్యశాలకు వెళ్లి టీకాల తేదీలు రాయించుకోండి. ఆ చీటీ చేతికి వచ్చాకే పిల్ల కోసం బయలుదేరండి.