ఆకాశమున కావలి

ప్రజాధనమును వెచ్చించి అంతరిక్ష పరిశోధన చేయుట మనవంటి దేశమునకు తగునా? ఈ ప్రశ్నను గ్రామములందలి పెద్దలు పలుమాఱు అడుగుచుందురు. "చెఱువుగట్టునకు తట్టెడు మన్ను వేయుటకు సొమ్ము లేదనెడి ప్రభుత్వమునకు చంద్రునిమీదికి యంత్రమును పంపుటకు సొమ్మెక్కడిది?" అని వారి వాదము. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అగ్గిపెట్టె కొన్నను, సబ్బుబిళ్ల కొన్నను పన్ను చెల్లించువానికి లెక్క అడుగుటకు హక్కు కలదు. కావున ఈ ప్రసంగమున వ్యయమును, ఫలితమును, లోపమును మూడింటిని మీ ముందుంచెదను. తీర్పు మీది.

మొదట వ్యయము. 2023–24 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము అంతరిక్షశాఖకు సుమారు 12,500 కోట్ల రూపాయలు కేటాయించెను. వినుటకు పెద్దమొత్తమే. కాని ఆ యేటి మొత్తము బడ్జెట్టు సుమారు 45 లక్షల కోట్లు. అనగా ప్రభుత్వము నూఱు రూపాయలు వెచ్చించినచో అందులో అంతరిక్షమునకు పోవునది ముప్పది పైసలకు లోపు. అయితే స్వల్పమైనంతమాత్రమున వ్యయము సద్వ్యయము కానేరదు. ముప్పది పైసలైనను వ్యర్థమైనచో వ్యర్థమే. కనుక ఫలితమును విచారింపవలెను.

ఉపగ్రహము లనబడు యంత్రములు ముఖ్యముగా రెండు తెఱగుల పనిచేయును. కొన్ని భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండి, భూమి తిరుగు వేగముతోనే తామును తిరుగుచుండును. అందువలన మనకు అవి ఒకేచోట నిలిచియున్నట్లుండును. చేనిలో మంచెయెక్కి కూర్చున్న కావలివానివలె ఇవి రేయింబవళ్లు బంగాళాఖాతమును చూచుచుండును. మఱికొన్ని ఎనిమిదివందల కిలోమీటర్ల ప్రాంతమున ఉత్తర దక్షిణ ధ్రువములమీదుగా సుమారు నూఱు నిమిషముల కొక ప్రదక్షిణము చేయును. ఇవి గస్తీ తిరుగు తలారివంటివి. ఒక పొలమును చూచిపోయినవి కొన్నిదినములకు మరల వచ్చి చూచును. మంచెమీదివానికి దూరమెక్కువ, చూపు విశాలము. తలారికి దూరము తక్కువ, చూపు నిశితము. ఊరికి ఇరువురును కావలసినవారే.

ఈ కావలి లేనినాడు ఏమి జరిగెనో కృష్ణాజిల్లావారికి చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో సముద్రము పొంగి దివిసీమను ముంచెత్తెను. పదునాఱడుగులకు పైబడిన ఉప్పెన పల్లెలను తుడిచిపెట్టెను. సుమారు పదివేలమంది మరణించిరి. వాయుగుండము పుట్టినదని వాతావరణశాఖవారు ఎఱుగకపోలేదు. కాని అది ఎచ్చట తీరమును దాటునో సకాలమున నిశ్చయించుట కష్టము. తెలిసినదానిని చెప్పుటకును తంతి, టెలిఫోనులపై ఎక్కువగా ఆధారపడవలసివచ్చెను. గాలి వీచినతోడనే మొదట కూలునవి ఆ స్తంభములే కదా.

1983 ఆగస్టులో ఇన్సాట్–1బి అను ఉపగ్రహమును అమెరికావారి అంతరిక్షనౌక ద్వారా మనవారు పైకి పంపిరి. అవసరమైనపుడు అది అరగంట కొకమాఱు మేఘముల ఛాయాచిత్రమును పంపగలిగెను. తుపాను కన్ను ఎచ్చటనున్నది, ఎటు నడచుచున్నది అను సంగతులు తెలియవచ్చెను. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. 1980ల దశకమున ఆంధ్ర, తమిళ తీరములందలి కార్యాలయములలో గ్రాహకయంత్రములను నెలకొల్పి, ఉపగ్రహము ద్వారానే హెచ్చరికను పంపు ఏర్పాటు చేసిరి. ఏ జిల్లాకు ప్రమాదమో ఆ జిల్లా యంత్రములే మొదట సైరనువలె మ్రోగి, పిదప ఆ ప్రాంతపు భాషలో హెచ్చరికను వినిపించును. తంతిస్తంభములు కూలినను ఈ మాట ఆగదు. 1990 మే మాసమున మిక్కిలి బలమైన తుపాను ఈ తీరమునే తాకినపుడు లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మరణించినవారు వేయిమందికి లోపు. అదియును దుఃఖకరమే. కాని 1977 తోడ పోల్చినచో ఆ వ్యత్యాసమున ఎన్ని కుటుంబములు నిలిచినవో లెక్కించుకొనవచ్చును.

ఇచ్చట నేనొక మాట దాచరాదు. ఈ మేలంతయు ఉపగ్రహముదే యనుట న్యాయము కాదు. 1999 అక్టోబరులో ఒడిషాతీరమును పెనుతుపాను తాకునప్పటికి ఉపగ్రహములు ఉండనే ఉన్నవి, హెచ్చరికలును వెలువడినవి. అయినను చాలినన్ని రక్షణభవనములు లేక, జనులు తగినంతగా తరలక, సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఆ రాష్ట్రమునకే వచ్చినపుడు సుమారు పదిలక్షలమందిని ముందుగా తరలించిరి. మృతుల సంఖ్య పదులలో ఆగెను. కావలివాడు కేక వేయగలడు. లేచి తలుపు తీయవలసినవారు ఇంటివారే. ఒకటి లేక రెండవది నిష్ఫలము.

తుపాను ఏటికొకమాఱు వచ్చునది. నిత్యజీవనమునకు ఉపకరించు పనులును కలవు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహచిత్రములను పరిశీలించి, భూగర్భజలము దొరకుటకు అనువైన తావులను సూచించు పటములను తయారుచేసిరి. ఉపగ్రహము భూమిలోని నీటిని చూడజాలదు. కాని రాతిపొరల బీటలు, పూడిపోయిన పాత యేటిజాడలు, పచ్చదనపు చాళ్లు పైనుండి స్పష్టముగా కనబడును. ఆ గుర్తులనుబట్టి ఎచ్చట త్రవ్విన జల పడుటకు అవకాశమెక్కువో ఊహింతురు. ఎండిన బోరునకు అప్పుచేసిన రైతునకు దీని విలువ తెలియును. ఆ నగరముననే 1999లో నెలకొల్పిన సముద్ర సమాచార సంస్థవారు, ఉపగ్రహములు కొలిచిన నీటి వేడిమిని, నీటిలోని సూక్ష్మమైన నాచును బట్టి చేపలు గుమిగూడు తావులను జాలరులకు తెలుపుచున్నారు. అందువలన వెదకులాటకు పోవు కాలమును, నూనెయును మిగులును.

ఈ పనులను వర్తకులే చేయరాదా యని అడుగవచ్చును. 2020 నుండి మనదేశమున ప్రైవేటు సంస్థలకును ద్వారము తెఱచినారు. హైదరాబాదునకు చెందిన స్కైరూట్ అను సంస్థ నిర్మించిన విక్రమ్–ఎస్ అను చిన్న రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి ఎగిరెను. సంతోషమే. కాని తుపాను హెచ్చరికను అమ్ముట యెట్లు? రుసుము చెల్లించినవానికి చెప్పి, చెల్లింపలేని జాలరికి చెప్పకుండుట ఏ ధర్మము? చెఱువుగట్టును ఊరుమ్మడిగా కాపాడుకొనునట్లు ఈ కావలిని ఉమ్మడి సొమ్ముతోనే పోషింపవలెను. అదియునుగాక, 1962లో విక్రం సారాభాయి నాయకత్వమున ఈ కార్యము మొదలైనపుడు లాభము కనుచూపుమేరలో లేదు. ఇరువది యేండ్లు ఫలమునకై వేచియుండుట వ్యాపారికి దుర్లభము, ప్రజలకు సాధ్యము. ధనికదేశములతో చంద్రునికై పోటీపడుట మన ఆశయము కాదనియు, శాస్త్రమును జనుల కష్టములు తీర్చుటకు వినియోగింపవలెననియు ఆయన పట్టుదల.

మఱి చంద్రునికడకు ఎందుకు పోయితిమి? 2008లో చంద్రయాన్–1కు సుమారు 386 కోట్లు, 2013లో అంగారకునికడకు పంపిన నౌకకు సుమారు 450 కోట్లు, 2023లో చంద్రునిపై దిగిన చంద్రయాన్–3కు సుమారు 615 కోట్లు అయినవి. చంద్రునిపై నీటిజాడ తెలిసినంతమాత్రమున మన బావిలో నీరూరదు. ఈ మాట నేను ఒప్పుకొందును. కాని మొదటి రెండు నౌకలను మోసిన పి.ఎస్.ఎల్.వి. అను వాహనమే మన నేలను పరిశీలించు ఉపగ్రహములనును మోసినది. దూరయానమున చేయి తిరిగినవాడు దగ్గఱిపనిలో తడబడడు. మఱియు, మన పూర్వులు చుక్కలను చూచుటకు కూర్చుండిన మొదటినాడు దాని లాభమెవరికి తెలియును? ఆ యెఱుకనుండియే పంచాంగము పుట్టినది. కార్తెలనుబట్టి రైతు విత్తు చల్లినాడు.

లోపములును చెప్పెదను. 1979 ఆగస్టున మన మొదటి ఉపగ్రహవాహనము సముద్రమున పడెను. మఱుసటి సంవత్సరము జూలైలో రెండవయత్నము ఫలించెను. 2019లో చంద్రయాన్–2 దిగుయంత్రము చంద్రునిపై కూలెను. ఈ నష్టములను ప్రజలే భరించిరి. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటలో తరతరములుగా అడవిని, జలమును నమ్ముకొని బ్రదికిన యానాదులు కేంద్రముకొఱకు తమ తావులను విడువవలసివచ్చెను. వారు కోల్పోయినదియు ఈ లెక్కలో చేరవలెను. దేశమునకు కలిగిన లాభమును చూపి వారి నష్టమును మఱచుట తగదు.

మొత్తముమీద లాభమువైపే త్రాసు మొగ్గుచున్నదని నా యభిప్రాయము. అయితే చెఱువుగట్టునకును ఉపగ్రహమునకును పోటీ పెట్టనక్కఱలేదు. ఆ నూఱు రూపాయలలో మిగిలిన తొంబదితొమ్మిది రూపాయల డెబ్బది పైసలకు పైబడిన సొమ్ము యెటు పోవుచున్నదో గూడ అడుగుడు. మీ గ్రామమునకు భూగర్భజలపటము వచ్చినదా యని అధికారులను అడుగుడు. తీరగ్రామములవారు రక్షణభవనము తాళపుచెవి ఎవరియొద్దనున్నదో, కప్పు కారుచున్నదో లేదో వర్షాకాలమునకు ముందే చూచుకొనుడు. తుపాను హెచ్చరిక వచ్చి, ఒకమాఱు తుపాను దారి తప్పిపోయినచో, మఱుమాఱు "ఇదియు నంతే" యని ఇల్లు కదలని ముసలివారు ప్రతియూర నుందురు. వారిని ఒప్పించి తరలించుట ఏ యంత్రమువలనను కాదు. మాట చెల్లుబడియగు పెద్దలు, మీరే చేయవలసిన పని యిది.