ఉదయం ఆడుకున్న బిడ్డ

ఉదయం ఆడుకున్న బిడ్డకు మధ్యాహ్నం జ్వరం వచ్చి, తెల్లవారేసరికి ప్రాణం పోతే ఆ ఇంట మిగిలేది ఒకే ప్రశ్న: ఎందుకు? జవాబు దొరకనిచోట ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ అంటారు. చివరకు నింద తల్లిమీద పడుతుంది. మన దొడ్డబళ్ళాపురం మగ్గాల వీధులలో, తెలుగు ఇళ్ళలోనూ కన్నడ ఇళ్ళలోనూ, ఈ మాట విన్నాను. అందుకే తెలుగునేల మీద జరిగిన ఒక సంగతిని ఇక్కడ వివరిస్తున్నాను.

2003 జూన్ నుండి ఆగస్టు వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు తీవ్ర జ్వరం, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో ఆసుపత్రులలో చేరారు. లెక్కకు వచ్చిన 329 మందిలో 183 మంది మరణించారు. కారణం వెంటనే తెలియలేదు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షలు జరిపి, దీనికి చాందీపుర వైరస్‌తో సంబంధం ఉన్నదని గుర్తించారు. 1965లో నాగపూర్ సమీపంలోని చాందీపుర గ్రామంలో మొదట కనబడినందున దానికి ఆ పేరు వచ్చింది.

ఈ వైరస్‌ను వ్యాపింపజేసేది ప్రధానంగా ఇసుక ఈగ. ఇది దోమకన్నా చాలా చిన్నది. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలోని తేమలో పెరుగుతుంది. వైరస్ మెదడును దెబ్బతీస్తే గంటలలోనే పరిస్థితి విషమిస్తుంది. దీనికి ప్రత్యేకమైన మందు గాని, టీకా గాని లేదు. 2024లో గుజరాత్‌లో ఈ వ్యాధి మళ్ళీ పిల్లలను బలిగొన్నది.

మన తాలూకాలో భయపడవలసిన పరిస్థితి ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే జ్వరంతో ఉన్న బిడ్డకు మూర్ఛ వచ్చినా, పిలిస్తే పలకక మగతగా ఉన్నా, కారణం ఏదైనా సరే, అది ఆలస్యం చేయదగిన సమయం కాదు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్ళు గాని, మందు గాని పోయరాదు. చేతిలో తాళపుచెవి పెట్టి కూర్చోరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. మూర్ఛను అదుపు చేయడం, శ్వాసకు తోడ్పడడం అక్కడే సాధ్యం. ఇంటి గోడల పగుళ్ళు పూడ్చడం, కొట్టాన్ని పొడిగా ఉంచడం, పిల్లలను దట్టమైన దోమతెరలో పడుకోబెట్టడం మన చేతిలోని పనులు.

వ్యాధికి పేరు దొరికినంత మాత్రాన పోయిన పిల్లలు తిరిగి రాలేదు. కాని తప్పు తల్లులది కాదని ఆ పేరు చెప్పింది.